ఓడెక్కి పోయినామె

వాడ మాటలు – 14

2014 వేసవిలో అమెరికాలో ఒక పాత ఓడ మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది. దాని పేరు చార్లెస్ డబ్ల్యూ. మోర్గన్. 1841లో కట్టిన తెరచాప ఓడ. ఎనభై ఏళ్ళలో 37 సార్లు తిమింగలాల వేటకి వెళ్ళొచ్చి, తర్వాత మిస్టిక్ అనే ఊళ్ళో మ్యూజియం ఓడగా నిలబడిపోయింది. దాన్ని బాగుచేసి, 38వ ప్రయాణం అని పేరు పెట్టి ఆ వేసవంతా రేవు రేవుకీ తిప్పారు. ఒకప్పుడు ఆ ఓడని నడిపిన వాళ్ళ, అందులో పనిచేసిన వాళ్ళ వారసులు కొందర్ని వెతికి పిలిచి ఎక్కించుకున్నారు. ముత్తాతలు తిరిగిన చెక్కల మీద మనవళ్ళు నిలబడి ఫొటోలు దిగారు.

హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు దాని వీడియో నాకు పంపి, "అన్నా, మనకి ఇట్టాంటిది ఒక్కటైనా ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబే ఈ వారం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. ఓపిగ్గా చదవండి.

ముందు మన వైపు ఓడల సంగతి చెప్తాను. మా తుళ్లూరుకి సముద్రం దూరమే గానీ కృష్ణ పక్కనే. రాజధాని మాట మొదలైన దగ్గర్నుంచి మా చుట్టుపక్కల ఏ సభ జరిగినా బ్యానరు మీద శాతవాహనులు కనపడతారు. వాళ్ళ నాణెం ఒకదాని మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. "చూడండి, మన పూర్వీకులు రెండు వేల ఏళ్ళ కిందటే సముద్రాలు దాటారు" అని మైకులో చెప్తారు. మాట అబద్ధం కాదు. ఓడల వర్తకం లేకపోతే ఆ నాణెం ఉండదు. మోటుపల్లిలో 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళు. ఇక నుంచి సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకి మాటిచ్చాడు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ మన నిజాంపట్నం రేవుకే వచ్చింది.

ఇవన్నీ చదవండి, తెలుసుకోండి. కానీ ఒక్కటి గమనించండి. శాసనంలో రాజు ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు, సరుకుల పట్టిక ఉంది. ఆ మూటల్ని ఒడ్డు నుంచి పడవలోకి, పడవ నుంచి ఓడలోకి మోసినవాడి పేరు లేదు. "మన పూర్వీకులు" అని మైకులో అన్నప్పుడు ఆ "మన"లో మా వాడ ఉందో లేదో ఎవరూ చెప్పరు.

మా వాళ్ళ పేర్లు ఓడ కాగితంలోకి ఎక్కింది చాలా తర్వాత. అదీ వేరే లెక్క కోసం.

1828లోనే యానాం నుంచి ఫ్రెంచి వాళ్ళు కొద్దిమంది తెలుగు కూలీలని ఓడలో బూర్బన్ దీవికి తీసుకెళ్ళారు. ఆ దీవికి ఇప్పుడున్న పేరు రీయూనియన్. చుట్టాలంతా ఒకచోట కలవడానికి ఇవాళ మన పిల్లలు వాడే మాటే. 1834 నుంచి మారిషస్‌కి పంపడం మొదలైంది. అక్కడికి పోయిన తెలుగువాళ్ళకి కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అని పేరు పడింది. దానికి ఒక్క ఏడాది ముందే గుంటూరు జిల్లాలో డొక్కల కరువు నడిచింది. 1832–33 నాటి ఆ కరువులో జిల్లా జనంలో మూడో వంతుకి తగ్గకుండా పోయారని ఆనాటి లెక్కలు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అక్కణ్ణుంచి 1911 దాకా, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, మొత్తం లక్షా 52 వేల మందిని నాటాల్ చెరకు తోటలకి, రైలు పనులకి, బొగ్గు గనులకి తీసుకెళ్ళారు. అందులో ఎక్కువమంది ఎక్కింది మద్రాసులోనే. అయిదేళ్ళ ఒప్పందం. మగవాళ్ళకి నెలకి 10 షిల్లింగులతో మొదలు. ఆడవాళ్ళకి అందులో సగం.

ఎక్కే ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవాళ్ళు. రిజిస్టరులో గడులు ఉండేవి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. మనిషి పారిపోతే పట్టుకోడానికి రాసిన కాగితం అది. అయినా మన వైపు ఏ కరణం దస్త్రంలోనూ మా వాళ్ళ పేర్లు ఇట్టా తండ్రి పేరుతో సహా రాసి ఉండవు. భూమి ఉన్నవాడికే దస్త్రం. భూమి లేనివాడు ఎవరి దొడ్లో పాలేరో చెప్తే చాలు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను.

చిన్నప్పుడు మా నాయనమ్మ ఒకామె గురించి చెప్పేది. మా తాత వాళ్ళ తాతకి ఒక చెల్లెలు. ఆమె పేరు ఇక్కడ రాయను. మా కుటుంబంలో ఇప్పటికీ తరానికొక పిల్లకి ఆ పేరే పెడతారు, అందుకని. ఆమె మొగుడు ఒక ఆసామి దగ్గర పాలేరు. అప్పు తీరక ముందే జబ్బుచేసి చచ్చిపోయాడు. ఆ అప్పు కింద ఆమెని దొడ్లో పనికి రమ్మన్నారు. దొడ్లో పని అంటే ఒక్క పేడ తీయడమే కాదని వాడలో అందరికీ తెలుసు. ధాత కరువు రోజులు. అంటే 1876–78 మధ్య. కృష్ణ ఆనకట్ట కింద డెల్టాలో కాలువ నీళ్ళున్నాయి. మా మెరకలో లేవు. గింజల ధర మాత్రం అందరికీ పెరిగింది. ఆమె ఒక రాత్రి చంకలో పిల్లనేసుకుని వెళ్ళిపోయింది. "ఓడెక్కి పోయింది" అనేది నాయనమ్మ. అంతకు మించి ఆమెకీ తెలియదు.

ఆ మాట మా ఇంట్లో కథగా మిగల్లేదు, తిట్టుగా మిగిలింది. ఆడపిల్ల ఎదురు మాట్లాడితే "ఓడెక్కినదాని వంశం, ఎక్కడికి పోద్ది బుద్ధి" అనేవాళ్ళు. మా మేనత్త ఏడో తరగతి తర్వాత గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటానంటే మా తాత అన్నది ఇదే మాట. "ఇదీ ఓడెక్కుద్ది" అన్నాడు. చదువు అక్కడితో ఆగింది. ఇప్పుడామెకి డెబ్బై దాటాయి. మిరపకాయల కోతల్లోనే నడుం వంగింది.

రెండో వైపు కథ డర్బన్‌లో మొదలైంది. 2001లో అక్కడ ఐక్యరాజ్యసమితి జాత్యహంకార వ్యతిరేక సదస్సు జరిగింది. కులవివక్షని కూడా అందులో చర్చించాలని మనవాళ్ళు దేశం నలుమూలల నుంచి వెళ్ళారు. కులం మా ఇంటి విషయం, జాతి వివక్షతో కలపొద్దని మన ప్రభుత్వం అడ్డుపడింది. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, ఆ సదస్సు గురించి తప్పకుండా చదవండి. మా సంఘంలో ఒక పెద్దాయన అప్పుడు వెళ్ళారు. అక్కడ ఒక తెలుగు మూలాలున్న టీచరమ్మ ఆయనకి పరిచయమైంది. తెలుగు రాదు. అన్నం, నీళ్ళు, రా, పో లాంటి మాటలు వచ్చు. అర్థం తెలియకుండా నాలుగు భజన పాటలు పాడుతుంది. "మా ముత్తవ్వ వాళ్ళమ్మ ఇండియాలో ఏ ఊరో కనుక్కోగలరా?" అని ఒక కాగితం జిరాక్సు ఆయన చేతిలో పెట్టింది.

ఆ జిరాక్సు పద్దెనిమిదేళ్ళు ఆయన బీరువాలో ఉంది. ఆయన పోయాక కాగితాలు సర్దుతుంటే నా చేతికొచ్చింది. పేరు మా ఇంట్లో పిల్లకి పెట్టే పేరే. వయసు 22. ఆడ. వెంట చంటిపిల్ల, ఆడ. కులం గడిలో ఇంగ్లీషులో "మల్ల" అని ఉంది. జిల్లా "కిస్ట్నా". ఊరు "టూలూర్".

ఇక్కడ ఒక చిన్న విషయం, వెతికే వాళ్ళకి పనికొస్తుంది. గుంటూరు జిల్లాని 1859లో కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్ళీ 1904లో విడదీశారు. ఆ 45 ఏళ్ళలో పోయినవాళ్ళ కాగితాల్లో గుంటూరు జిల్లా అని ఉండదు, కిస్ట్నా అనే ఉంటుంది. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎట్టా వినపడితే అట్టా ఉంటుంది. ఇంటిపేరు అసలే ఉండదు. అక్కడ తండ్రి పేరో, తాత పేరో తర్వాతి తరాలకి ఇంటిపేరైపోయింది.

టూలూర్ అంటే తుళ్లూరేనా? అయి ఉండొచ్చు. ఆ ఉచ్చారణకి దగ్గరగా ఉండే ఊరు ఇంకోటీ ఉండొచ్చు. ఆ పేరున్న ఆడవాళ్ళు ఆ రోజుల్లో ప్రతి వాడలో పదిమంది ఉంటారు. కోర్టులో నిలబడే రుజువు కాదు. ఆ మాట టీచరమ్మకి మెయిల్లో అట్టాగే రాశాను. "అయినా వస్తాను" అంది.

రెండేళ్ళ క్రితం జనవరిలో వచ్చింది. ఆమెకి అప్పటికి డెబ్బై రెండు. వెంట మనవరాలు. మా వాళ్ళంతా కలవాలంటే ఆదివారమే కుదిరింది. మిరప కోతల రోజులు. రాజధానికి భూములిచ్చాక మా చుట్టుపక్కల చేలల్లో కూలి పని పడిపోయింది. మా ఆడవాళ్ళు తెల్లారకముందే ఆటోల్లో సత్తెనపల్లి వైపు, పెదకూరపాడు వైపు పోతారు. ఆ ఒక్కరోజు ఆపుకుని వచ్చారు. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి కూడా వచ్చారు. అందరం కలిపి నలభై మంది దాకా అయ్యాం.

టీచరమ్మ వచ్చీ రాగానే అడిగింది ఓడ గురించి. ఆ ఓడ ఎక్కడన్నా మిగిలుందా అని ఆమె లండన్ దాకా ఉత్తరాలు రాసిందట. అట్టాంటి ఓడలు ఇక్కడొకటీ అక్కడొకటీ తప్ప మిగల్లేదు. కలకత్తాలో 1853లో టేకుతో కట్టిన ఎడ్విన్ ఫాక్స్ అనే ఓడ న్యూజీలాండ్‌లో పిక్టన్ అనే ఊళ్ళో ఇంకా ఉంది. అది సైనికుల్ని మోసింది, ఖైదీల్ని మోసింది, చైనా కూలీల్ని మోసింది, చివరికి తెల్లవాళ్ళని న్యూజీలాండ్‌లో కాపురం పెట్టడానికి మోసింది. ఆ చివర్లో ఎక్కిన వాళ్ళ మనవళ్ళు ఇప్పుడు వెళ్ళి దాన్ని చూసుకుంటారు. మా ఆమె ఎక్కిన ఓడ ఏ రేవులో విరగ్గొట్టారో, పొయ్యిలోకి పోయిందో. ఓడ లేదు, కాబట్టి మనం పడవెక్కుదాం అన్నాడు మా బాబాయి.

లింగాయపాలెం రేవు నుంచి ఇబ్రహీంపట్నం ఫెర్రీకి పడవలు తిరిగేవి. ఒక మర పడవ మాట్లాడాం. నడిపే ఆయన లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో అంతమందినే ఎక్కించుకుంటానన్నాడు. కాబట్టి రెండు విడతలుగా ఎక్కాం. మొదటి విడతలో ముసలివాళ్ళు, పిల్లలు. టీచరమ్మ పక్కన మేనత్త కూర్చుంది.

"మా ముత్తవ్వ మద్రాసు దాకా ఎట్టా పోయింది?" అని అడిగింది ఆమె. రైలు కాదు. బెజవాడకి మద్రాసు నుంచి రైలు మార్గం పూర్తయ్యేసరికి 1899 వచ్చింది. నడిచైనా పోవాలి, కాలువ పడవైనా ఎక్కాలి. సీతానగరం దగ్గర మొదలయ్యే పడమటి కాలువ దుగ్గిరాల దాటాక కొమ్మమూరు కాలువై, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. అది మద్రాసు దాకా పోతుంది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడేసి లాగేవాళ్ళు. ఆ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం 1877–78లో కరువు పని కింద తవ్వించిందే. కూలి గింజల కోసం తట్టలు మోసిన వాళ్ళు తవ్విన కాలువ. ఆమె దాని మీదుగా వెళ్ళిందో, దాని గట్టున తట్ట మోస్తుంటే ఏజెంటు కంట పడిందో మాకు తెలియదు. మద్రాసుకి అప్పటికి సరైన హార్బరు కూడా లేదు. మేకులు లేకుండా తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో అలల మీదుగా తీసుకెళ్ళి, దూరంగా నిలబడ్డ ఓడలోకి ఎక్కించేవాళ్ళు. ఎప్పుడూ సముద్రం చూడని ఇరవై రెండేళ్ళ పిల్ల. చంకలో ఇంకో పిల్ల.

ఇవన్నీ నేను చెప్తుంటే మా మేనత్త మధ్యలో అడిగింది. "ఒంటరి ఆడదాన్ని ఓడలోకి రానిచ్చారా?"

రానిచ్చారు. కావాలనే తీసుకెళ్ళారు. వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టం. ఆ లెక్క పూర్తి కాకపోతే ఓడ కదలదు. అందుకని ఏజెంట్లు వెతుక్కునేది వితంతువుల్ని, మొగుడు వదిలేసిన వాళ్ళని, ఇంట్లోంచి వచ్చేసిన వాళ్ళని. ఓడలో ఒక కొసన ఒంటరి మగవాళ్ళు, మధ్యలో సంసారాలు, ఇంకో కొసన ఒంటరి ఆడవాళ్ళు. బియ్యం, పప్పు, ఎండుచేప తిండి. ఆడవాళ్ళ మీద ఓడ సిబ్బంది చేసిన అఘాయిత్యాలు ఆనాటి విచారణ కాగితాల్లోనే ఉన్నాయి. దొడ్లోంచి తప్పించుకున్న మనిషి ఓడలో సుఖపడిందని నేను చెప్పలేను. ఒక్కటే చెప్పగలను. నంబరు పడింది ఆమె పేరు మీదే. మొగుడి కింద కాదు, ఆసామి అప్పు కింద కాదు.

మేనత్త చాలాసేపు నీళ్ళ వంక చూసింది. "ఓడెక్కి పోయింది అనేవాళ్ళురా మమ్మల్ని. పోలేదు. ఓడెక్కి బతికింది" అంది.

పడవ దిగి వాడకి వచ్చాక అసలు చిక్కు వచ్చింది. అన్నాలు తింటున్నాం. ఎండు రొయ్యలేసిన గోంగూర, పెద్దకూర. టీచరమ్మ తన సంచిలోంచి ఆ కాగితం తీసింది. "ఈ మల్ల అంటే ఏంటి? మా ఇంట్లో కుస్తీ పట్టేవాళ్ళు అని చెప్పారు. మేం డర్బన్‌లో నాయుడులం కదా, మరి ఇదేంటి?" అని అడిగింది. మనవరాలు చెప్పింది, ఆమె అడిగిందే మా కోసం ఇంకోసారి, మెల్లగా.

కుర్రాళ్ళు తలలు వంచుకున్నారు. ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఇంటిపేరు లేని వాళ్ళు చాలామంది నాయుడు అని రాయించుకున్నారు. అడిగేవాడు లేడు, ఊరు తెలిసినవాడు లేడు. నాలుగు తరాల్లో అది నిజమైపోయింది.

నేను చెప్పాను. అది మల్ల కాదమ్మా, మాల. కులం పేరు. ఈ వాడ ఊరికి ఒక పక్కన ఎందుకుందో, మా నాయనమ్మ మంచినీళ్ళ బావి దగ్గర ఎవరో వచ్చి కడవలో నీళ్ళు పోసేదాకా ఎందుకు నిలబడేదో, ఈ కుర్రాళ్ళు హైదరాబాద్‌లో గది అద్దెకి అడిగేటప్పుడు ఏ ప్రశ్నకి భయపడతారో చెప్పాను. మనవరాలు ఇంగ్లీషులోకి మారుస్తూ మధ్యలో ఒకసారి ఆగిపోయింది.

ఆ రాత్రి మా తమ్ముడి కొడుకు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, నా మీద కోపం చేశాడు. "పెదనాన్నా, ఎందుకు చెప్పావు? నూట నలభై ఏళ్ళ కిందట ఒకామె దీన్ని సముద్రంలో పడేసి పోయింది. ఆమె పిల్లలకి ఇది లేకుండా పోయింది. మనకి దొరకనిది వాళ్ళకి దొరికింది. నువ్వు దాన్ని తెచ్చి మళ్ళీ వాళ్ళ చేతిలో పెట్టావు. వాళ్ళు ఇక్కడికి వచ్చింది చుట్టాల కోసం, కులం కోసం కాదు."

వాడి మాటలో న్యాయం ఉంది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరూ దీని గురించి ఆలోచించాలని రాస్తున్నాను. నేను వాడికి చెప్పింది మూడు మాటలు.

ఒకటి. కులం సముద్రంలో పడిపోలేదు. ఓడలో వంట చేసే భండారీలుగా పై కులాల వాళ్ళని పెట్టుకునేవాళ్ళు, వాళ్ళ చేతి వంటైతే అందరూ తింటారని. మరుగుదొడ్లు కడిగే పనికి మనలాంటి వాళ్ళని తీసుకుని తోపాజ్ అని పేరు పెట్టారు. నడిసముద్రంలో కూడా ఎవరి పని వాళ్ళకి చూపించారు. అది నిజం. అదే ఓడలో నెల పైన పక్కపక్కన పడుకుని, ఒకే పొయ్యి మీది తిండి తిని, దిగేసరికి ఒకళ్ళకొకళ్ళు తోబుట్టువులైన వాళ్ళూ ఉన్నారు. ఉత్తరాది వాళ్ళు దానికి జహాజీ భాయ్ అని పేరు పెట్టుకున్నారు, ఓడ అన్నదమ్ములు అని. ఆ చుట్టరికం ఉన్నవాళ్ళ మధ్య పెళ్ళిళ్ళు కూడా చేసుకునేవాళ్ళు కాదు, నిజం తోబుట్టువుల్లాగే. రెండూ ఒకే ఓడలో జరిగాయి. ఒకటి చెప్పి రెండోది దాస్తే చరిత్ర కాదు.

రెండు. కులం మర్చిపోయిన వాళ్ళని ఆ దేశం వదిలిపెట్టలేదు. అక్కడ ఇంకో రిజిస్టరు వచ్చింది, అందులో రంగు గడి. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక టీచరమ్మ కుటుంబాన్ని కేటో మేనర్ అనే పేటలోని సొంత ఇంట్లోంచి లేపేశారు. అప్పుడామె చిన్నపిల్ల. ఆ సంగతి పడవలో ఆమె చెప్తుంటే మా వాళ్ళకి అనువాదం అవసరం కాలేదు. రాజధాని మ్యాపు గీసినప్పుడు ఎసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా ప్లాటు ఇవ్వలేదు. ఏమీ లేని కూలికి నెలకి 2,500 పింఛను అన్నారు. ఎవరి పేరు ఏ కాగితంలో ఏ గడిలో ఉందో దాన్ని బట్టే ఎవరు ఈ ఊరివాళ్ళో తేలింది. గడి అంటే ఏంటో మా వాడకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు.

మూడు. ఆమె అడిగింది. అడిగిన మనిషికి అబద్ధం చెప్పి చుట్టరికం కలుపుకోలేను. ఆమె విని వెళ్ళిపోతే అది ఆమె ఇష్టం.

వాడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు. మా ఇద్దరి మధ్య ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది, నడవనీయండి.

టీచరమ్మ మాత్రం వెళ్ళిపోలేదు. మర్నాడు పొద్దున్నే మా మేనత్త ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. కాగితంలో ఆ మాట కింద వేలు పెట్టి, "మా అమ్మమ్మకి ఇది తెలుసనుకుంటా. ఎవరన్నా ఊరి పేరు అడిగితే లేచి లోపలికి పోయేది" అంది. అంతే. తర్వాత అడిగింది ఇంకోటి. "రుజువు లేదు కదా. నేను మీ మనిషినే అని మీరు ఎట్టా అనుకోవాలి?"

మేనత్త వేళ్ళు మడిచి లెక్కేసింది. ఓడెక్కినామె కూతురు, ఆమె కూతురు, ఆమె కూతురు, ఈమె. నాలుగు తరాలూ ఆడవాళ్ళే. "అయితే వాళ్ళమ్మ నాకు వదిన వరస. ఈమె నాకు మేనకోడలు. ఒరే, నీకు అక్క" అంది నాతో. నేను రుజువు సంగతి మళ్ళీ ఎత్తబోయాను. మేనత్త వినలేదు. "తుళ్లూరు కాకపోతే ఇంకో ఊరి మాలపల్లి. ఆ పిల్ల కూడా ఎవరి దొడ్లోంచో పారిపోయిందేగా. ఆ మాట అక్కడ మర్చిపోయారంటే మంచిదే. ఇక్కడ మనల్ని మర్చిపోనివ్వరు. మర్చిపోయినావిడైనా మన పిల్లే" అంది. తన పెట్టెలోంచి కొత్త రవిక గుడ్డ తీసి బొట్టు పెట్టి ఇచ్చింది. ఆడబిడ్డ సంతానం పుట్టింటికి వస్తే ఇచ్చేది.

ఇదీ తమ్ముడూ, నువ్వడిగిన దానికి నా జవాబు. మనకి ముత్తాతల ఓడ లేదు. ఓడ యజమానులు మనం కాదు, సరంగులం కాదు, సరుకుల లెక్కల్లో ఒక లెక్క. మనకున్నది ఆ లెక్క రాసిన కాగితం. దాని మీద నిలబడి ఫొటో దిగలేం. కానీ అందులో ఒక ఆడమనిషి పేరు ఉంది, ఆమె ఎవరి కూతురో ఉంది, ఎక్కడి నుంచి పోయిందో ఉంది. నూట నలభై ఏళ్ళు తిట్టుగా తిరిగిన ఆమెని మా ఇంట్లో ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు. మేనత్త మనవరాలు ఈ ఏడాది పీజీకి ఢిల్లీ వెళ్ళింది. రైలెక్కే రోజు ఎవరూ ఆ పాత మాట అనలేదు.

మీకు ఒక పని చెప్పి ముగిస్తాను. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాయనమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. మన ఇంట్లోంచి వెళ్ళిపోయి తిరిగి రానివాళ్ళు ఎవరు? రంగం పోయాడు, కాఫీ తోటలకి పోయాడు, ఓడెక్కింది, లేచిపోయింది. ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోండి, మర్యాద కోసం మార్చొద్దు. తిట్టులో కూడా సమాచారం ఉంటుంది. ఏ కరువు, ఏ తుపాను, ఏ ఆసామి కాలం అని అడగండి, ఏడాది దాన్ని బట్టి దొరుకుతుంది. ఆడవాళ్ళ గురించి విడిగా అడగండి. అడక్కపోతే మగవాళ్ళ పేర్లే చెప్తారు. నాటాల్ ఓడల జాబితాలు, మారిషస్ మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వలస రిజిస్టర్లు చదువుకునే వాళ్ళకి అందుబాటులో ఉన్నాయి. చరిత్రలో పీహెచ్‌డీ చేయాలనుకునే వాళ్ళు ఒక్కరైనా ఆ కులం గడి పట్టుకుని మన జిల్లాల వాళ్ళని లెక్కకట్టండి.

తొందరగా అడగండి. మాకు చెప్పిన నాయనమ్మ ఇప్పుడు లేదు. మీకు చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు.

జై భీమ్.